పంచరత్నాలు రాయించుకునేవాళ్ళకి జాగ్రత్త: మా లస్కరు నాన్నగారిని ఓడెక్కించారు

పెళ్ళికో షష్టిపూర్తికో పంచరత్నాలు, అంటే ఆ మనిషిని మెచ్చుకుంటూ ఐదు పద్యాలు రాయించి, ఫ్రేము కట్టించి, పందిట్లో చదివించే అలవాటు మన కోనసీమలో, అటు పాలకొల్లు, నరసాపురం వైపు ఇంకా పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను. "స్వహస్తాలతో రాసిన ఛందోబద్ధ పద్యాలు, చేత్తో వేసిన చిత్రం, ఫ్రేముతో సహా" అని ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నవాళ్ళ దగ్గర 6,500 రూపాయలు పోసి మోసపోయాను. గొడవ ఇంకా తేలలేదు కాబట్టి పేరు పెట్టడం లేదు. గుర్తులు చెబుతాను, పోల్చుకోండి.

మా నాన్నగారు ఇరిగేషన్‌లో లస్కరుగా చేశారు. సినిమా షూటింగుల పుణ్యమా అని లొల్ల లాకులు అందరికీ తెలుసు. ఆ దిగువన అంత పేరు లేని ఒక లాకుల దగ్గర ఆయన 34 ఏళ్ళు ఉన్నారు. తలుపులు ఎత్తడం, దించడం, గేజీ చూసి రాసుకోవడం, గట్టు వెంట తిరగడం. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ళకి వంతు పెట్టారంటే మాకు నిద్ర ఉండేది కాదు. అర్ధరాత్రి కాలవ చివరి శివారు రైతులు వచ్చి "లస్కరుగారూ, ఒక్క గంట వదలండి" అని తలుపు కొట్టేవారు. వదిలితే పైవాళ్ళతో మాట పడాలి, వదలకపోతే ఆ రైతు మడి నెర్రెలిస్తుంది. పొద్దున్న ఆయన ముఖం చూస్తే రాత్రి ఏం చేశారో మా అమ్మకి తెలిసిపోయేది. ఇదంతా నేను ఆరు నిమిషాల వాయిస్ మెసేజీలో చెప్పి పంపాను. "చాలా బాగుందండీ, కళ్ళు చెమర్చాయి" అని జవాబొచ్చింది.

నాన్నగారి సహస్ర చంద్ర దర్శనం వేడుక రోజు పొద్దున్నే పార్శిల్ వచ్చింది. విప్పి చూసే తీరిక లేదు, తిన్నగా పందిట్లో పెట్టేశాం. నా తప్పు అక్కడే ఉంది.

బొమ్మలో ఒక పెద్దాయన తెల్ల టోపీ పెట్టుకుని నిలబడ్డాడు. వెనక సముద్రం, మూడంతస్తుల ఓడ. మా నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఈయనెవరమ్మా?" అన్నారు. మీరే నాన్నా అన్నాను. "నేను రేవు దాటే పంటు తప్ప ఇంకేదీ ఎక్కలేదు కదే" అన్నారు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు. నాకు మాత్రం అక్కడి నుంచి లేచి వెళ్ళిపోవాలనిపించింది.

ఓడ ఎక్కడి నుంచి వచ్చిందో రాత్రి అర్థమైంది. ఇంగ్లీషులో లాస్కర్ అంటే ఓడ మీద పనిచేసే కళాసీ. మన కాలవల మీద లస్కరు అంటే వేరే మనిషి. డెల్టాలో ఏ పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. నేను ఆర్డరులో రాసిన వివరాల్లోంచి ఆ ఒక్క మాట తీసి ఏఐ యంత్రానికి వేశారు, అది ఇంగ్లీషు అర్థం పట్టుకుంది. వాట్సాప్ తెరిచి చూస్తే నా వాయిస్ మెసేజీ పక్కన మైకు గుర్తు నీలం కానే లేదు. కళ్ళు చెమర్చినవాళ్ళు దాన్ని నొక్కనే లేదన్నమాట.

ఇక పద్యాలు. చదవడానికి మా ఊరి తెలుగు మాస్టారిని పిలిచాం, రిటైరై చాలా ఏళ్ళయింది. పైన "ఉత్పలమాల" అని బంగారు అక్షరాలు. మొదటి పాదం ఇది: "గోదావరి అలలపై ఓడను నడిపిన ధీరుడా". మాస్టారు వేళ్ళు మడుస్తూ మడుస్తూ ఆగిపోయారు. "ఎవరు రాశారమ్మా ఇది?" అని మెల్లిగా అడిగి, పందిరి చెడకుండా మిగతాది వచనంలా చదివేశారు. భోజనాల దగ్గర కూర్చోబెట్టి చెప్పారు. ఉత్పలమాల భ గణంతో మొదలవ్వాలి, అంటే గురువు, తర్వాత రెండు లఘువులు. "గోదావరి"లో మొదటి రెండూ గురువులే, కాబట్టి ఆ మాటతో ఉత్పలమాల ఎత్తుకోవడమే కుదరదు. పాదానికి 20 అక్షరాలు ఉండాలి, ఇక్కడ 18. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కలవాల్సిన అక్షరం, పదో అక్షరం మీద పడాలి, అక్కడున్నది "డ". దానికి "గో"తో ఏ మైత్రీ లేదు. "ఆ మాట ముందు పెట్టాలని ముచ్చటైతే కందం పట్టాలమ్మా" అంటూ "గోదావరి తీరంబున" అని విస్తరి ముందే ఒక పాదం ఎత్తి చూపించారు. అది చెవికి ఎంత హాయిగా ఉందో!

ఫోన్ చేస్తే అమ్మినాయన ఏమన్నాడంటే, "ఈ రోజుల్లో అందరూ ఏఐయే వాడుతున్నారండీ, ప్రాంప్టు రాయడం కూడా క్రియేటివిటీయే." మరి స్వహస్తాలని ఎందుకు వేశారండీ అంటే, టైపు చేసింది చేతులతోనే కదా అన్నాడు. ఆయ్, నిజమే.

నేను ఏఐ అంటే మండిపడే మనిషిని కాను. ఆఫీసులో సర్క్యులర్లకు వాడతాను. కానీ పద్యం, బొమ్మ వేరు. నేను డబ్బిచ్చింది ఇరవై లైన్ల అక్షరాలకి కాదు. ఎవరో ఒకరు ఓ పూట కూర్చుని మా నాన్నగారి గురించి ఆలోచిస్తారని ఇచ్చాను. "ధీరుడా, వీరుడా, త్యాగశీలుడా" అని వచ్చిన ఆ ఐదు పద్యాలు పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతాయి. ఈ యంత్రాలు తెలుగు మాటను ముక్కలుగా తరిగి, తర్వాత ఏ ముక్క రావచ్చో అంచనా కడుతూ పోతాయి. గురులఘువులు వినే చెవి వాటికెక్కడిది? పైగా అవి నేర్చుకున్నదంతా మనుషులు రాసినవీ గీసినవీ చూసే. బొమ్మల యంత్రాలకు మేతగా పనికొచ్చిన లయాన్ అనే సేకరణ 2022లో వచ్చింది, అందులో 585 కోట్ల బొమ్మల లింకులున్నాయి. అవి గీసినవాళ్ళని ముందుగా ఎవరూ అడగలేదు. ఊళ్ళో ఆర్టిస్టుకి ఇవ్వాల్సిన డబ్బు ఇలాంటివాళ్ళకి పోసినందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

ఆర్డరిచ్చే ముందు ఒక్క పద్యం గణవిభజనతో పంపమనండి. ఛందం తెలియకపోయినా ఫరవాలేదు, "ఛందం" అనే సాఫ్ట్‌వేరులో అతికిస్తే గణాలు విడదీసి చూపిస్తుంది. బొమ్మకైతే పెన్సిలు గీత దశలో ఫోటో అడగండి. అడిగితే విసుక్కున్నారంటే అక్కడే ఆపేయండి. "చేత్తో" అన్న మాట రాతలో తీసుకోండి, అడ్వాన్సు సగానికి మించి ఇవ్వకండి. నేను మొత్తం ముందే కట్టేశాను. ఇంకొకటి, ఫ్రేము ఫంక్షనుకి వారం ముందే ఇంటికి రావాలని చెప్పండి.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కొన్నవాటికి అక్కడ ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. ప్రకటన స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన రసీదు, చాటింగ్ దాచుకున్నాను. మీరు కూడా చెరిపేయకండి.

ఇదే పేజీలో ఎవరైనా ఆర్డరిచ్చి ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, కలిసి ఫిర్యాదు చేద్దాం. ఇంకా పార్శిల్ రానివాళ్ళయితే, మీరు పంపిన వాయిస్ మెసేజీ దగ్గర మైకు నీలమైందో లేదో ముందు చూసుకోండి.