ఇబ్సెన్ నాటకాల సంపుటి: ఆ ఉత్తరాల డబ్బా కోసమైనా కొనొచ్చు

ఆబిడ్స్ ఆదివారం సంతలో కొన్న పాత ఇంగ్లీషు సంపుటి ఇది. అట్ట ఎప్పుడో ఊడింది, టేపు వేసి నెట్టుకొస్తున్నాను. నార్వే రచయిత ఇబ్సెన్ ఆధునిక నాటకానికి పితామహుడు, 'ఎ డాల్స్ హౌస్'లో నోరా మొగుణ్ణి, పిల్లల్ని వదిలి తలుపేసి వెళ్లిపోయింది లాంటివన్నీ అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నాను. నేను ఈ పుస్తకాన్ని పట్టుకుని వేలాడుతున్నది బ్రాకెట్లలో ఉండే రంగ సూచనల కోసం. చాలామంది చదవకుండా దాటేసేవి అవే.

మా నాటక సమాజంలో సెట్టూ సామానూ నా పని. 'ఎ డాల్స్ హౌస్' (1879) తెలుగులో వేద్దామనుకున్నప్పుడు మా దర్శకుడు గారు ముందుగా కొట్టేసింది నోరా మొగుడు హెల్మర్ ఇంటి ఉత్తరాల డబ్బాని. "పోస్ట్‌మ్యాన్ వచ్చి చేతికిస్తే పోలా? డబ్బా దండగ" అన్నారు. రిహార్సల్లో మొదటి అంకం బాగానే నడిచింది. రెండో అంకం చివర నోరా టారంటెల్లా అనే ఇటలీ నాట్యం ఆడే చోటికి వచ్చేసరికి చప్పబడిపోయింది. దొంగ సంతకం పెట్టి తను చేసిన అప్పు గుట్టు విప్పుతూ, అప్పిచ్చిన క్రోగ్‌స్టాడ్ రాసిన ఉత్తరం మొగుడి కంట పడకూడదని ఆవిడ అలా పిచ్చెత్తినట్టు ఆడుతుంది. ఆ ఉత్తరం ఎక్కడుందో చూసేవాడికి తెలియకపోతే అది ఉత్త డ్యాన్స్ ఐటమ్. ఎప్పుడొస్తాడో తెలియని పోస్ట్‌మ్యాన్ సంచిలోని ఉత్తరం గురించి ఎవరికి టెన్షన్? రిహార్సల్ చూస్తున్న మావాళ్లే ఫోన్లు తీశారు.

అప్పుడు పుస్తకం తెచ్చి, డబ్బా మాట వచ్చిన చోటల్లా పెన్సిల్‌తో గీసి ఆయన ముందు పెట్టాను. డబ్బాకి అద్దం ఉంది, తాళం ఉంది, తాళంచెవి మాత్రం హెల్మర్ దగ్గరే. ఉత్తరం లోపల పడుతుంది, క్రోగ్‌స్టాడ్ మెట్లు దిగిపోతాడు. నోరా దాన్ని అద్దంలోంచి చూడగలదు, తీయలేదు. మూడో అంకంలో హెల్మర్ డబ్బా తెరవబోతే తాళం దగ్గర విరిగిన హెయిర్‌పిన్ దొరుకుతుంది. ఇది నీదే అంటాడు. పిల్లల పనై ఉంటుందంటుంది నోరా. వాళ్లింటి స్నేహితుడు డాక్టర్ ర్యాంక్ తన చావు కబురుగా వేసిపోయిన, నల్ల క్రాస్ గీసిన కార్డులు కూడా ఆ డబ్బాలోంచే వస్తాయి. ఆ ఇంట్లో పెత్తనం ఎవరిదో ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు.

దర్శకుడు గారు మెత్తబడ్డారు. ప్లైవుడ్ డబ్బా చేసి ముందు వైపు ప్లాస్టిక్ షీటు బిగించాం. ప్రదర్శన రోజు ఉత్తరం లోపల పడిన చప్పుడుకి ముందు వరసలో ఒక పెద్దావిడ "అయ్యో, పడింది" అని పైకే అన్నారు. ఆ పూట నాకు అంతకు మించి చప్పట్లు అక్కర్లేకపోయింది.

సామాను మీద ఇంత పట్టు ఇబ్సెన్‌కెక్కడిదంటే, ముందుమాటలో జీవితం చూడండి. 1828లో షీయెన్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి వ్యాపారం చితికిపోయింది. పదిహేనేళ్లకే గ్రిమ్‌స్టాడ్‌లో మందుల షాపులో పనికి కుదిరాడు. 1851లో బెర్గెన్ థియేటర్లో చేరితే, మరుసటి ఏడు రంగస్థలం పని చూసి రమ్మని కోపెన్‌హాగన్, డ్రెస్డెన్ పంపించారు. అప్పుల్లో మునిగిన ఇంట్లో పెరిగి, తెర వెనక చాకిరీ చేసినవాడు అప్పుపత్రం మీద దొంగ సంతకం చుట్టూ నాటకం అల్లాడంటే ఆశ్చర్యం లేదు.

ఈ సూచనలు చేతిలో ఉంటే దర్శకుడే అక్కర్లేదని ఒకప్పుడు మావాళ్లతో అనేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా అనను. 'ఘోస్ట్స్' (1881) చివర కిటికీ అవతల మంచుకొండల మీద సూర్యోదయం కావాలంటాడు. మా హాల్లో ఉన్న లైట్లతో వేస్తే ఆ కొండలకి కామెర్లు వచ్చినట్టుంది. 'ది వైల్డ్ డక్' (1884) అటక నిండా కోళ్లు, కుందేళ్లు, పావురాలు. ఆఖరి నాటకం 'వెన్ వి డెడ్ అవేకెన్' (1899)లో ఏకంగా మంచు చరియ విరిగిపడాలి. వీటిని చదువుకోవడమే మా వల్ల అయ్యేది.

సంపుటి మీద నా ఫిర్యాదు వేరే ఉంది. నోరా చివరికి ఇంట్లోనే ఉండిపోతే మన జనానికి నచ్చుతుందని మా సమాజంలో ఒకాయన పట్టుబట్టారు. జర్మనీలో ఒక నటి కూడా, నేనైతే పిల్లల్ని వదిలి వెళ్లనంటూ ఇదే పేచీ పెట్టింది. ఇంకెవరో చెడగొట్టేకంటే నయమని ఇబ్సెన్ తిట్టుకుంటూనే, పిల్లల గది గుమ్మం దగ్గర నోరా కూలబడిపోయే ముగింపు 1880లో తనే రాసిచ్చాడు. అది ఇందులో లేదు. ఉంటే మా సమాజంలోని ఆ పెద్దమనిషి ముందు పడేసి, ఎంత పేలవంగా ఉందో మీరే చదవండి అనేవాణ్ణి.

ఇంగ్లీషు కూడా పాతకాలపుది. డైలాగులు ఉన్నవి ఉన్నట్టు తెలుగు చేస్తే నటులకి నోరు తిరగదు. అయినా నాటకం వేసేవాళ్లయితే తీసుకోమనే అంటాను. నాది సెట్టు పని కాబట్టి నా మాటని కొంచెం తగ్గించుకుని వినండి. కథ కోసం చదివేవాళ్లకి గదిలో పియానో ఎటుంది, పొయ్యి ఎటుంది అన్న వర్ణన విసుగే తెప్పించొచ్చు. కొనేముందు అక్షరాల సైజు ఒకసారి చూసుకోండి. చత్వారం వచ్చాక నేను ఆ బ్రాకెట్లు ఫోన్లో ఫొటో తీసి, పెద్దవి చేసుకుని చదువుతున్నాను.