బల్ల దగ్గర ఎవరెవరికి కుర్చీ వేశారు? పిల్లల శాంతి ఒప్పందాల కార్డుల పెట్టె మీద ఓ అమ్మమ్మ రివ్యూ

ముప్పై ఏళ్లు బళ్లో సోషల్ చెప్పినదాన్ని. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక జర్మనీతో కుదిరిన వెర్సాయ్ సంధి కారణాలూ ఫలితాలూ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అలాంటిది మొన్న పదేళ్ల మనవరాలు, "అమ్మమ్మా, సంధి అంటే రెండు దేశాలు ఒకటైపోవడమా? మరి వాటిలో ఏది లోపిస్తుంది?" అనేసరికి నోరు పెగల్లేదు. పాపం, దానికి తెలిసిన సంధి వ్యాకరణంలోదే. ముందున్న అచ్చు పోవాలి, తర్వాతది నిలవాలి. నా దగ్గర చదివినవాళ్లలో ఎందరు ఇలాగే అనుకుని ఊరుకున్నారో! ఈ పెట్టె కొనడానికి కారణం ఆ ప్రశ్నే.

లోపల ఇరవై నాలుగు బొమ్మల కార్డులు, మడత పెట్టే గుడ్డ మ్యాపు, పెద్దవాళ్ల కోసం ఓ చిన్న పుస్తకం, పావురం బొమ్మ ఉన్న రబ్బరు స్టాంపులు రెండు ఉన్నాయి. అట్ట గట్టిది. మా ఆరేళ్ల చిన్నాడు కొరికి మరీ చూశాడు.

అన్నిట్లోకీ గొప్ప కార్డు పారిస్ చర్చలది. వియత్నాం యుద్ధం ఆపాలని బయల్దేరినవాళ్లు 1969 జనవరి దాకా వారాల తరబడి బల్ల ఏ ఆకారంలో ఉండాలనే వాదించుకున్నారు. చివరికి గుండ్రటి బల్ల, దానికి చెరో పక్కన ఓ చిన్న పొడవు బల్ల వేశారు. ఇది చదవగానే చిన్నాడు పడీపడీ నవ్వాడు. పిల్ల మాత్రం నవ్వలేదు. దక్షిణ వియత్నాంలో ప్రభుత్వం మీద పోరాడుతున్న విముక్తి సంఘాన్ని ఆ ప్రభుత్వం విడి పక్షంగా ఒప్పుకోలేదని కార్డు వెనక రెండు లైన్లలో ఉంది. అది చదివి, "అయితే గొడవ బల్ల గురించి కాదు, వాళ్లని ఆటలోకి రానివ్వాలా వద్దా అని" అంది. ముప్పై ఏళ్లలో నేను ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేదు. ఒప్పందం మీద సంతకాలు పడింది 1973 జనవరిలో అని కూడా కార్డు దాచకుండా చెప్పింది.

క్యాంప్ డేవిడ్ కార్డూ బాగుంది, కానీ సగమే. 1978 సెప్టెంబరులో అమెరికాలో ఇజ్రాయెల్, ఈజిప్టుల మధ్య పదమూడు రోజుల చర్చలు. ఆఖరి రోజు ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్ అలిగి వెళ్లిపోయేలా ఉంటే, ఆయన మనవల పేర్లు రాసి సంతకం చేసిన ఫొటోలను అమెరికా అధ్యక్షుడు కార్టర్ స్వయంగా తీసుకెళ్లి ఇచ్చారు. కథ అక్కడితో ఆపేశారు. "ఫొటోలిస్తే యుద్ధం ఆగిపోతుందా?" అని చిన్నాడి అనుమానం. న్యాయమే కదా! మ్యాపు పరిచి సినాయ్ ఎడారి చూపించి, ఇజ్రాయెల్ దాన్ని విడతలవారీగా 1982 నాటికి ఈజిప్టుకి తిరిగిచ్చిందని నేనే చెప్పాను. ఎవరు ఏమిచ్చి ఏం పుచ్చుకున్నారో చెప్పకపోతే అది ఒప్పందం ఎలా అవుతుంది? పైగా ఆ చర్చల్లో పాలస్తీనా వాళ్ల గురించి కూడా మాట్లాడారు గానీ వాళ్లకి అక్కడ కుర్చీ లేదు. ఆ ముక్క కార్డులో ఎక్కడా లేదు.

వెర్సాయ్ కార్డు చూశాక నాకు కోపమే వచ్చింది. అద్దాల హాల్లో అందరూ పళ్లు కనిపించేలా నవ్వుతుంటారు! 1919లో జర్మనీని చర్చలకే రానివ్వలేదు. షరతులు చేతికిచ్చి, అభ్యంతరాలుంటే రాసిమ్మన్నారు. ఈ సంగతి చెప్పగానే పిల్ల స్కెచ్ పెన్ తెచ్చి, సంతకం పెడుతున్న ఇద్దరు జర్మన్ మంత్రుల మూతులూ కిందికి వంచేసింది. ఇప్పుడు బొమ్మ కరెక్టుగా ఉంది.

పెద్దవాళ్ల పుస్తకం పెద్దగా పనికిరాలేదు. అక్షరాలు మరీ సన్నం, పైగా సంధి, ఒడంబడిక, యుద్ధ విరమణ అన్నీ ఒకటే అన్నట్టు రాశారు. 1953లో కొరియాలో జరిగింది యుద్ధ విరమణ. దాని మీద దక్షిణ కొరియా సంతకమే లేదు, శాంతి ఒప్పందం నేటికీ కుదరలేదు. "ఆటలో టైంప్లీజ్ అన్నట్టు, ఆట అయిపోయినట్టు కాదు" అన్నాను. చిన్నాడికి వెంటనే అర్థమైంది. అర్థమయ్యాక కూడా ఆ కార్డు మీద పావురం స్టాంపు కొట్టాడనుకోండి, అది వేరే సంగతి.

మూడు వేల ఏళ్లు దాటిన ఈజిప్టు, హిట్టైటుల (ఇప్పటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన పాతకాలపు రాజ్యం వాళ్లు) ఒప్పందం కార్డు చూసి మట్టి పలక చేయడం మాత్రం ఇద్దరికీ తెగ నచ్చింది. "అక్క పెన్సిళ్లు ముట్టుకోను" అని వాడు పుల్లతో గీశాడు. "తమ్ముడి బొమ్మలు దాచను" అని కింద తనూ రాసేదాకా వాడు వేలిముద్ర వేయనన్నాడు.

ఐదుకి మూడున్నర ఇస్తాను. పెట్టె పిల్లల చేతికిచ్చి మీరు పక్క గదిలోకి వెళ్తే కుదరదు, కార్డుకి ఇరవై నిమిషాలైనా పక్కన కూర్చోవాలి. స్టాంపులు మాత్రం ముందే దాచేయండి. ఆ ఇంకు గోడ మీంచి పోవట్లేదు.