మాజ్డా ఎం.ఎక్స్-5 సాఫ్ట్‌టాప్: హైవే మీద నడక, మైలేజీ

మాజ్డా ఎం.ఎక్స్-5 కొన్నప్పటి నుంచి దాన్ని ఎక్కువగా హైవే మీదే నడుపుతున్నాను. రెండు సీట్లు, రెండు లీటర్ల పెట్రోల్ ఇంజన్, ఆరు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సు, చేత్తో మడిచే గుడ్డ టాపు ఉన్న మోడల్ నాది. ఇలాంటి కార్ల మీద వచ్చే సమీక్షలన్నీ కొండదారుల మలుపుల గురించే చెబుతాయి. ఆ మలుపుల్లో ఈ కారు ఎంత బాగుంటుందో ఇప్పటికే చాలామంది రాశారు కనుక నేను దాని జోలికి పోవడం లేదు. కొన్నవారు ఆ మలుపుల దాకా చేరడానికి గంటల తరబడి తిన్నని రోడ్డు మీద ప్రయాణించాలి. పెట్రోలు ఖర్చయ్యేదీ, ఒళ్లు అలిసేదీ అక్కడే. నా అనుభవంలో తేలింది ఏమిటంటే, ఈ కారు హైవే మీద ఎంత సుఖంగా ఉంటుందన్నదీ, ఎంత పెట్రోలు తాగుతుందన్నదీ ఇంజన్ కంటే గాలి మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటాయి. గాలితో పేచీ లేకుండా సాగిపోయే వేగం గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల మధ్య ఉంది.

1989లో మొదలైన ఈ కారులో ప్రస్తుతం నడుస్తున్నది 2015లో వచ్చిన నాలుగో తరం. బరువు సుమారు 1,100 కిలోలే. బానెట్టు, డిక్కీ మూత, ముందు ఫెండర్లు అల్యూమినియంతో చేసినవి. రెండు లీటర్ల ఇంజన్‌ను 2018లో సవరించి 184 హార్స్‌పవర్‌కు తెచ్చారు, అది 7,500 ఆర్.పి.ఎం. (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దాకా తిరుగుతుంది. హైవే మీద ఆ చివరి అంకెలతో పనిపడేది తక్కువ. అంతకంటే ముఖ్యమైనది గేర్ల అమరిక. ఆరో గేరు డైరెక్ట్ గేరు, అంటే ఇంజన్ ఎన్నిసార్లు తిరిగితే చక్రాల వైపు ఆ తిప్పుడును చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టు అన్నిసార్లే తిరుగుతుంది. అందువల్ల గంటకు 100 కిలోమీటర్ల వేగంలో టాకోమీటరు ముల్లు దాదాపు 2,500 దగ్గర, 120లో 3,000 దగ్గర నిలుస్తుంది. పెద్ద సెడాన్లలో ఇదే వేగానికి ఇంజన్ ఇంతకన్నా నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి, వాటి నుంచి దిగి ఇందులో కూర్చున్నవారికి ఇంకో గేరు మిగిలి ఉందేమో అనిపించి ఒకటి రెండు సార్లు చెయ్యి గేరు రాడ్ మీదకు పోవడం సహజం. ఈ అమరికతో లాభమూ ఉంది. లారీని దాటవలసినప్పుడు ఆరో గేరు నుంచి నేరుగా నాలుగో గేరుకు దిగితే, 100 కిలోమీటర్ల వేగంలో ఇంజన్ సరిగ్గా 4,000 ఆర్.పి.ఎం. దగ్గరికి వస్తుంది. ఈ ఇంజన్‌కు టార్క్, అంటే తిప్పే బలం, గరిష్ఠంగా ఉండేది అక్కడే. టర్బో లేని ఇంజన్ కనుక కాలు నొక్కిన క్షణంలోనే స్పందన మొదలవుతుంది, దాటడం కూడా ఎంత జాగాలో పూర్తవుతుందో ముందే అంచనా వేసుకోవచ్చు. హైవే భద్రతకు నేను పెద్దపీట వేసే గుణం ఇదే.

తిన్నని దారిలో స్థిరత్వం గురించి కొనకముందు నాకు సందేహం ఉండేది, ఎందుకంటే ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2,310 మిల్లీమీటర్లే. గాలి లేని రోజున స్టీరింగును రెండు వేళ్లతో పట్టుకున్నా కారు గీత తప్పదు. పక్క నుంచి గాలి వీచే రోజున, ముఖ్యంగా వంతెనల మీదా, పెద్ద కంటైనర్ లారీని దాటి దాని నీడ నుంచి బయటికి వచ్చేటప్పుడూ, చిన్న తోపుడు స్టీరింగులో స్పష్టంగా తెలుస్తుంది. భయపడేంత కాదు, కానీ చేతులు రెండూ స్టీరింగు మీదే ఉండాలి. సస్పెన్షన్ స్పోర్ట్స్ కారుకు ఉండవలసిన దానికంటే మెత్తగానే ఉంది. రోడ్డు అతుకుల మీద టపటపమనే చప్పుడు వినిపిస్తుంది గానీ దెబ్బ వీపు దాకా రాదు. కారు ఎత్తు మీటరుంబావు లోపే కనుక డ్రైవరు కళ్లు లారీ చక్రాల ఎత్తులో ఉంటాయి, లారీ డ్రైవరు అద్దంలో మనం కనిపించని జాగా చాలా ఎక్కువ. అందుకే లారీ పక్కన సమానంగా ఒక్క నిమిషం కూడా సాగకూడదన్నది నేను తప్పకుండా పాటించే నియమం: వెనుకైనా ఉండాలి, ముందుకైనా వెళ్లిపోవాలి.

ఇక టాపు. ముందు అద్దం పైన మధ్యలో ఉన్న ఒక్క గొళ్లెం తిప్పి, టాపును వెనక్కి తోసి, క్లిక్‌మనే దాకా నొక్కితే పని అయిపోయినట్టే, సీట్లోంచి లేవనక్కరలేదు. తెరిచిన తర్వాత గాలి తీరు చాలామంది ఊహించేదానికి భిన్నంగా ఉంటుంది. ముఖానికి ఎదురుగా గాలి కొట్టదు. ముందు అద్దం అంచును దాటిన గాలి మన తలల మీదుగా పోయి, సీట్ల వెనుక కిందికి జారి, అక్కడ సుడి తిరిగి వెనుక నుంచి ముందుకు వస్తుంది. సీట్ల మధ్య పెట్టిన టోల్ రసీదు వెనక్కి ఎగిరిపోకుండా, మెల్లగా పైకి లేచి ముందుకు జరిగి గేరు రాడ్‌కు అతుక్కోవడం చూసినప్పుడు నాకు ఈ సంగతి అర్థమైంది. మెడ వెనుక చల్లగా తగిలే గాలి, జుట్టు ముందుకు పడి కళ్లకు అడ్డురావడం కూడా ఈ సుడి వల్లే. సీట్ల వెనుక ఉండే చిన్న విండ్ డిఫ్లెక్టరు, అంటే గాలిని అడ్డుకునే పలక, దీన్ని పూర్తిగా ఆపదు గానీ సగానికి తగ్గిస్తుంది. పక్క అద్దాలు పైకి ఎత్తి ఉంచితే మరింత తగ్గుతుంది. అద్దాలు ఎత్తి, డిఫ్లెక్టరుతో 90 కిలోమీటర్ల వేగంలో పక్కవారితో మామూలు గొంతుతో మాట్లాడవచ్చు. 100 దగ్గర గొంతు కాస్త పెంచాలి. 120 చేరాక మాటలు తెగిపోతాయి, ఆ మీదట ప్రయాణం సరదా కాదు, ఓర్పు పరీక్ష.

చప్పుడు విషయం తేలిగ్గా తీసుకోవలసింది కాదు. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు చేస్తుంది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గిపోతుంది. టాపు తెరిచి 110 దాటిన వేగంలో నా ఫోన్‌లోని శబ్దం కొలిచే యాప్ ఆ హద్దును దాటే చూపింది. ఫోన్ కొలత ప్రయోగశాల కొలత కాదన్నది నిజమే, అయినా చెవులు గింగురుమనడం దానితో ఏకీభవించింది. అందుకే ఆ వేగంలో గంటకు మించి వెళ్లవలసి ఉంటే టాపు మూసేస్తాను. మూసినా గుడ్డ టాపు గుడ్డ టాపే, ఉక్కు పైకప్పు ఉన్న కారులో ఉండే నిశ్శబ్దం ఇందులో రాదు. పక్కన పోయే లారీ టైర్ల హోరు టాపు లోంచి నేరుగా చెవిలో పడుతుంది. వాన మాత్రం ఒక్క చుక్క లోపలికి రాలేదు.

మైలేజీ లెక్కను నేను ఫుల్ ట్యాంకు పద్ధతిలోనే వేశాను. పంపు నాజిల్ మొదటిసారి ఆగగానే నింపడం ఆపి, తిరిగిన కిలోమీటర్లను తర్వాతి సారి పట్టిన లీటర్లతో భాగించాను. నాజిల్ ఆగడంలో ఒక అర లీటరు అటూ ఇటూ అయ్యే అవకాశం ఉంది కాబట్టి, ట్యాంకు మూడొంతులు ఖాళీ అయ్యేదాకా నడిపిన ప్రయాణాలనే లెక్కలోకి తీసుకున్నాను. వేగాన్ని కూడా స్పీడోమీటరు బట్టి కాక జి.పి.ఎస్. బట్టి చూశాను, ఎందుకంటే స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపకూడదని అంతర్జాతీయ నిబంధన ఉంది, అందువల్ల సాధారణంగా కంపెనీలు దాన్ని కాస్త ఎక్కువే చూపేలా అమరుస్తాయి.

టాపు మూసి, ఏసీ వేసి, క్రూజ్ కంట్రోల్‌తో గంటకు 90 కిలోమీటర్లలో వెళితే లీటరుకు 18 కిలోమీటర్లకు పైగా వచ్చింది. 100 దగ్గర 17 చిల్లర, 120 దగ్గర 15, 130 దగ్గర 13కు పడిపోయింది. అమెరికా పర్యావరణ సంస్థ ఈ ఇంజన్, మాన్యువల్ గేర్లకు ప్రకటించిన హైవే అంకె గ్యాలనుకు 34 మైళ్లు, అంటే లీటరుకు దాదాపు 14.5 కిలోమీటర్లు. ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిపితే దాన్ని మించడం కష్టమేమీ కాదు. కానీ 90 నుంచి 130కి వెళ్లే సరికి దాదాపు మూడో వంతు మైలేజీ ఎలా పోయిందన్నది గమనించదగ్గ విషయం. గాలి ఎదురుబలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 100 నుంచి 120కి వెళితే ఆ బలం 44 శాతం ఎక్కువవుతుంది. ఈ కారు తేలిక కాబట్టి ఊళ్లో ఆగుతూ కదులుతూ నడిపేటప్పుడు ఆ తేలికతనం పెట్రోలును ఆదా చేస్తుంది గానీ, హైవే వేగంలో గాలికి కారు బరువుతో పనిలేదు.

టాపు తెరిస్తే 100 దగ్గర లీటరుకు దాదాపు ఒక కిలోమీటరు, 120 దగ్గర ఒకటిన్నర తగ్గింది. ముందు చెప్పిన సుడి ఊరికే తిరగదు, దాన్ని తిప్పే శక్తి కూడా మన ట్యాంకులోంచే వస్తుంది. ఏసీ ఆపి టాపు తెరిస్తే పెట్రోలు మిగులుతుందని కొందరు నమ్ముతారు. ఊళ్లో తక్కువ వేగంలో అది నిజమే కావచ్చు, హైవే మీద నాకు అలా జరగలేదు. మైలేజీ కోసం నేను చేసేవి రెండే. టైర్లు చల్లగా ఉన్నప్పుడు డ్రైవరు తలుపు దగ్గర రాసి ఉన్న అంకె మేరకు గాలి చూసుకుంటాను. దిగుడులో గేరు తీసి న్యూట్రల్‌లో వేయను. గేరులో ఉండి కాలు తీస్తే ఇంజెక్టర్లు పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగిపోకుండా ఉండడానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది, పైగా ఇంజన్ బ్రేకు కూడా పోతుంది.

ట్యాంకు 45 లీటర్లు. 100 కిలోమీటర్ల వేగం పాటిస్తే అయిదు లీటర్లు మిగుల్చుకుని 650 కిలోమీటర్లకు పైగా వెళ్లవచ్చు, నడుము అంతకన్నా ముందే విశ్రాంతి కోరుతుంది. సీట్లు బాగున్నాయి గానీ వీపు వాల్చుకోవడానికి వెనుక జాగా తక్కువ, ఆరడుగుల మనిషి రెండు గంటలకు ఒకసారి దిగి నడవవలసిందే. డిక్కీ 130 లీటర్లే కనుక గట్టి సూట్‌కేసులు పనికిరావు, మెత్తని సంచులు రెండు పడతాయి. స్టెపినీ లేదు, టైరుకు చిల్లు పడితే పూడ్చే ద్రావకం, గాలి పంపు మాత్రమే ఇస్తారు. టైరు పక్క గోడ చిరిగితే ఆ కిట్ ఉపయోగపడదు, కాబట్టి దూర ప్రయాణానికి ముందు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ గడువు చూసుకోవాలి.

ఇదే కారులో మడిచే గట్టి పైకప్పుతో ఆర్.ఎఫ్. అనే రకం కూడా ఉంది. దాని టాపు మోటారుతో 13 సెకన్లలో తెరుచుకుంటుంది, బరువు కాస్త ఎక్కువ. ఏడాదిలో ఎక్కువ భాగం 110 దాటిన వేగంతో, టాపు మూసే తిరగవలసినవారు దాన్ని ఒకసారి నడిపి చూశాకే నిర్ణయించుకోవాలి. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద 90 కిలోమీటర్లలో టాపు తీసి వెళ్లడానికే ఈ కారు కొనేవారికి మాత్రం నేను సాఫ్ట్‌టాప్‌నే సిఫారసు చేస్తాను.