పర్లాకిమిడిలో అద్దె పుస్తకాల షాపు, ఆ పుస్తకాల చివరి కాగితాలు

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. బ్లౌజులు కుడతాను, చీరలకి ఫాల్ వేస్తాను. పొద్దున్న తొమ్మిదికి మిషన్ ముందు కూర్చుంటే రాత్రి ఎనిమిదిన్నరకి లేస్తాను. అలాంటిది గురువారం మాత్రం సాయంత్రం ఐదున్నరకల్లా షట్టర్ దించేస్తున్నాను. కారణం ఈ పుస్తకాల షాపు. మా ఊరివాళ్లకీ, మహేంద్రతనయ నది అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం వాళ్లకీ పనికొస్తుందని దీని గురించి రాస్తున్నాను.

ముందు కావలసిన వివరాలు చెప్పేస్తాను. డిపాజిట్ వంద రూపాయలు, మానేసిన రోజున తిరిగి ఇచ్చేస్తారు. ఒక్కో పుస్తకానికి పది రోజులకి ఐదు రూపాయలు, పిల్లల పుస్తకానికి రెండు. ఒకసారికి రెండు పుస్తకాలు ఇస్తారు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా తీసి ఉంటుంది, ఆదివారం సెలవు. పుస్తకాలు ఏడొందల పైన ఉంటాయి, వాటిలో నూరు దాకా ఒడియావి. నడిపేది రిటైరైన మేస్టారు ఒకాయన. వాళ్ల పాత ఇంటి ముందు గదే షాపు.

పుస్తకాలు మాత్రమే చూసి వెళ్లిపోయేవాళ్లకి ఇక్కడ పెద్ద విశేషం కనబడదు. సగం పాతవి, అట్టలు ఊడి మళ్లీ కుట్టినవి. కొత్తగా అచ్చయినవి ఏడాదికి ఓ ఇరవై వస్తాయేమో. విశేషమంతా పుస్తకం చివర ఉంటుంది. ఆఖరి అట్ట లోపల ఓ గీతల కాగితం అంటించి ఉంటుంది. చదివినవాళ్లు అందులో ఒకటి రెండు లైన్లు రాయొచ్చు. రాయకపోతే ఎవరూ అడగరు. రాస్తే మాత్రం కింద జవాబు తప్పకుండా ఉంటుంది.

నేను మొదట తీసుకున్నది ఓ కథల పుస్తకం. దాని చివరి కాగితం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. పైన నీలం ఇంకుతో, గుండ్రటి అక్షరాలు: "మూడో కథలో అత్తగారు చేసిన తప్పేమిటి?" దాని కింద పెన్సిల్‌తో ఇంకెవరో: "ఏం చేసిందని కాదు, అన్నీ చూస్తూ నోరు మెదపలేదు." ఆ పక్కనే పసుపు మరక, అందులో వేలి గీతలు కూడా పడ్డాయి. ఎవరో వంటింట్లోంచి లేచొచ్చి పేజీ తిప్పినట్టున్నారు. కింద రెండు లైన్లు ఒడియా అక్షరాల్లో ఉన్నాయి. ఒడియా అనుకుని మొదలుపెట్టాను. రెండు మాటలు చదివేసరికి తెలిసింది, అది తెలుగే! "నాకు తెలుగు రాయడం రాదు. కూడబలుక్కుని చదివాను. అత్తగారు మా అమ్మలాగే ఉంది." దాని కింద ఎర్ర ఇంకుతో మేస్టారి జవాబు, అది కూడా ఒడియా అక్షరాల్లోనే తెలుగు: "ఇంత చెప్పారుగా. వచ్చే పుస్తకంలో మీ పేరు ఒక్కటీ తెలుగులో రాయండి, చాలు."

నేనూ బళ్లో చదువుకున్నది ఒడియాయే. తెలుగు అక్షరాలు మా అమ్మ నేర్పింది, పాత వారపత్రికలో సీరియల్ పేజీ ముందు పెట్టి. చదవడం వచ్చింది గానీ, రాయాలంటే 'శ'కీ 'ష'కీ తడబడతాను. ఆ రెండు లైన్లు చూశాక ధైర్యం వచ్చింది. "నాకు ఐదో కథ నచ్చింది" అని రాసి పుస్తకం ఇచ్చేశాను.

రెండు వారాల తరవాత వెళ్తే మేస్టారు ఆ పుస్తకం తీసి చివరి పేజీ చూపించారు. నా లైను కింద ఆయన రాసింది: "ఎక్కడ నచ్చింది?" ఆ కింద నేనెప్పుడూ చూడని చేతిరాత: "నాకూ ఐదోదే. ఆ బావి దగ్గర మాటలు." నాకు నచ్చింది కూడా సరిగ్గా అదే. మర్నాడంతా మిషన్ తొక్కుతూ ఆవిడ ఎవరై ఉంటుందా అని ఆలోచించాను. ఆవిడ కాశీనగర్‌లో అంగన్‌వాడీలో పని చేస్తారు. ఇప్పుడు మా ఇంటికి వస్తారు, నేను వాళ్లింటికి వెళ్తాను. మా అమ్మాయి ఆవిణ్ణి పిన్నీ అని పిలుస్తుంది.

ఇంత పనీ మేస్టారు ఎలా చేస్తారో రెండేళ్లుగా దగ్గర నుంచి చూశాను. ఆయన దగ్గర ఓ పొడుగు రిజిస్టరు ఉంది. తిరిగొచ్చిన ప్రతి పుస్తకం చివరి కాగితం చూస్తారు. కొత్త లైను ఉంటే రాసినవాళ్ల కార్డు నంబరు రాసుకుని ఆ వారంలోనే జవాబు రాస్తారు. "బాగుంది, సంతోషం" అని ఎప్పుడూ రాయరు. ఏదో ఒకటి అడుగుతారు. ఒకసారి నేనే అడిగాను, ఇంత ఓపిక ఎందుకు మేస్టారూ అని. "మొదటిసారి రాసినవాళ్లకి చెయ్యి వణుకుతుందమ్మా. వాళ్లు మళ్లీ వచ్చేసరికి కింద ఏమీ లేకపోతే ఇంక రాయరు" అన్నారు. నేను మళ్లీ వెళ్లి ఆ కాగితం చూసుకున్న రోజు గుర్తొచ్చింది.

గురువారం ఆరింటికి పది పదిహేను మంది కూర్చుంటాం. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అంతకుముందు వేరే చోట ఒక సాహిత్య సభకి వెళ్లాను. వేదిక మీద ఐదుగురు, కింద నలభై మంది. శాలువాలు కప్పుకున్నారు, రెండు గంటలు మాట్లాడారు, మేం చప్పట్లు కొట్టాం. మాలో ఒక్కళ్లని కూడా నువ్వేం చదివావని ఎవరూ అడగలేదు. మళ్లీ వెళ్లాలనిపించలేదు. ఇక్కడ వేదిక లేదు. పొడుగాటి బల్ల చుట్టూ కుర్చీలు. మేస్టారు అడిగేది ఒకటే ప్రశ్న: "ఎక్కడ ఆపారు?"

పుస్తకం ఎలా ఉందని అడిగితే నాలాంటివాళ్లు నోరు విప్పరు. పెద్ద చదువులవాళ్ల ముందు తప్పు మాట్లాడతామేమోనని టెన్షన్. ఎక్కడ ఆపారంటే మాత్రం ఎవరైనా చెప్పగలరు. నలభయ్యో పేజీలో ఆపాను, పాప ఏడ్చింది. మళ్లీ తీయలేదా? తీశాను గానీ ఆ పోలీసాయన మాటలు విసుగొచ్చాయి. అదిగో, అక్కడ మొదలవుతుంది మాట. కొమ్ముతో బొమ్మలు చెక్కే ఆయన ఒకరు వస్తారు. మా ఊరు కొమ్ము పనికి పేరున్నదే కదా. మొదటి మూడు నెలలూ ఆయన పేజీ నంబరు తప్ప ఏమీ చెప్పలేదు. నాలుగో నెలలో ఓ నవలలో కంసాలి గురించి రాసింది తప్పని, ఆకురాయి అలా పట్టుకోరని పావుగంట చేత్తో చూపించి చెప్పారు. ఆ రోజు అందరం ఆలస్యంగా ఇళ్లకి వెళ్లాం.

కొత్తగా వచ్చినవాళ్లని మేస్టారు ఎప్పుడూ చివర కూర్చోనివ్వరు. అదే పుస్తకం చదివినవాళ్లు ఎవరో రిజిస్టర్లో చూసి వాళ్ల పక్కన కుర్చీ వేస్తారు. మార్గశిరంలో గురువారాలు లక్ష్మీ పూజలు, ఇంటి నుంచి ఆడవాళ్లం కదలలేం. అందుకని ఆ నెలంతా శనివారానికి మారుస్తారు. ఒకే ఒక్క మాట, ఇంత మంది ఆడవాళ్లు ఇక్కడ నిలిచారంటే ఆ మార్పు కూడా ఒక కారణం.

గోడ మీద గిడుగు రామమూర్తి పంతులు గారి ఫొటో ఉంటుంది. ఆయన పాఠాలు చెప్పింది ఈ ఊరి రాజావారి బళ్లోనే. పుస్తకాల్లో గ్రాంథికం కాదు, మనుషులు మాట్లాడే తెలుగు ఉండాలని పోరాడారు, 1919లో దానికోసం 'తెలుగు' అనే పత్రిక నడిపారు. కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకి పుస్తకాలు తయారుచేశారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన వెళ్లారు గానీ, మేం ఇక్కడే ఉన్నాం. చివరి కాగితం మీద ఎవరైనా "ఈ గ్రంథము మిక్కిలి ఆసక్తికరము" అని రాస్తే మేస్టారు కింద, "ఇంట్లో మీ అమ్మాయికి ఎలా చెబుతారో అలా రాయండి" అని రాస్తారు. ఆగస్టు 29న, పంతులు గారి పుట్టినరోజున, ఆ ఏడాది నిండిన కాగితాలన్నీ తాడు మీద వరసగా వేలాడదీస్తారు. ఎవరి లైను వాళ్లు వెతుక్కుంటారు. పోయినేడు నావి పదకొండు ఉన్నాయి.

నెలకి పైగా రానివాళ్లకి పోస్టుకార్డు వెళ్తుంది. యాభై పైసల కార్డే. పుస్తకం తెచ్చివ్వమని ఉండదు. మా ఇంట్లో అత్తగారికి జబ్బు చేసి నేను రెండు నెలలు వెళ్లలేకపోయాను. నాకొచ్చిన కార్డులో ఇలా ఉంది: "మీరు రాసిన దానికి గుణుపురం కుర్రాడు ఒప్పుకోవట్లేదు. వచ్చి సమాధానం చెప్పండి." అత్తగారే ఆ కార్డు చదివించుకుని, వెళ్లిరా అమ్మా అన్నారు.

గుణుపురం దాకా ఎలా అంటారా, రైల్లో. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది, మా తాతయ్య దాని గురించి చెప్పేవారు. ఇప్పుడది పెద్ద లైనై గుణుపురం దాకా వెళ్తోంది. కాశీనగర్, గుణుపురం వాళ్లకి పుస్తకాలు ఆ రైల్లో రోజూ తిరిగేవాళ్ల చేతికిచ్చి పంపుతారు. 1935లో, గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలవలో పడవ మీద గ్రంథాలయం నడిపిన సంగతి మేస్టారు చెప్పారు. అది విన్నాక నేను మిగిలిన లైనింగ్ గుడ్డలతో పన్నెండు సంచులు కుట్టిచ్చాను. సంచికి ఊరి పేరు, లోపల కార్డు నంబర్లకి ఓ జేబు. ఎవరి చేతిలో ఏ పనుందో ఆ పని అడిగి చేయించుకుంటారు మేస్టారు. కొమ్ము పని ఆయన పేజీ గుర్తులు చెక్కి ఇచ్చారు. ఓ కాలేజీ పిల్ల అట్టలు అతుకుతుంది. సంచులు కుట్టాక ఆ షాపుకి నేను గిరాకీలా వెళ్లట్లేదు.

లోపాలున్నాయి, చెప్పాలి. మధ్యలో ఎవరో వాట్సాప్ గ్రూపు పెట్టారు. నెలలో గుడ్ మార్నింగ్ బొమ్మలతో, అమ్మకాల ప్రకటనలతో నిండిపోయింది. పుస్తకం మాట ఎవరైనా ఎత్తినా కింద కొట్టుకుపోయేది. దాన్ని మూయడానికి మేస్టారు మూడు నెలలు తటపటాయించారు. అంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటి. ఓ పుస్తకం చివర ఒకావిడ రాసిన తెలుగుని వెక్కిరిస్తూ, ఒడియా కలిపి రాస్తే అది తెలుగెలా అవుతుందని ఎవరో రాశారు. మేస్టారు ఆ మాట చూసి కూడా, సర్దుకుంటుందిలే అని పదిహేను రోజులు ఊరుకున్నారు. తరవాత దాని మీద కాగితం అంటించి, "ఈ మాట నాతో చెప్పండి" అని రాశారు, ఆ మనిషిని పిలిచి మాట్లాడారు కూడా. ఆవిడ మాత్రం మళ్లీ రాలేదు. పోస్టుకార్డు వేసినా రాలేదు. ఆ కుర్చీ చూసినప్పుడల్లా నాకు బాధే. ఇప్పుడు అలాంటి మాట కనబడితే ఆ రోజే కప్పేస్తున్నారు.

పిల్లల పుస్తకాలు మరీ తక్కువ, నలభై కూడా లేవు. ట్యూబులైటు ఒకటే, వెనక అలమారు దగ్గర పేర్లు చదవాలంటే ఫోను వెలిగించాలి. మేస్టారికి డెబ్భై దాటాయి, జవాబులన్నీ ఒక్కరే రాస్తుంటే వానాకాలంలో జ్వరం వచ్చి మూడు వారాలు కాగితాలు అలాగే ఉండిపోయాయి. ఆ తరవాత రిజిస్టరు పంచారు. మంగళవారం వచ్చిన పుస్తకాలకి కాశీనగర్ ఆవిడా నేనూ జవాబులు రాస్తున్నాం. శకీ షకీ పక్కన కాగితం పెట్టుకునే రాస్తున్నాను.

వెళ్లాలనుకునేవాళ్లు మొదటిసారి గురువారం కాకుండా మామూలు రోజున, ఐదింటికి వెళ్లండి. మేస్టారికి తీరిక ఉంటుంది, మీకు తగ్గ పుస్తకం వెతికిస్తారు. ఆధార్ కాపీ అడగరు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు చాలు. గుమ్మం ముందు మూడు ఎత్తయిన మెట్లున్నాయి, పట్టుకోడానికి ఏమీ లేదు, పెద్దవాళ్లని తీసుకెళ్తే చెయ్యి ఇవ్వండి. ఇంట్లో పిల్లలు చదివేసిన తెలుగు బొమ్మల పుస్తకాలుంటే వెళ్లేటప్పుడు పట్టుకెళ్లండి. చివరి అట్ట ఊడిపోయినా ఫర్వాలేదు, కుట్టడానికి నేనున్నాను.