ద్రాక్షారామ శాసనాలు: తరగతిలో పాఠమా, గుడి వద్ద సేవా? ఏది మేలు?

తొమ్మిదో తరగతి పిల్లలకు ద్రాక్షారామ భీమేశ్వరాలయ చరిత్రను తరగతిలోనే పటాలతో, ఛాయాచిత్రాలతో, శాసన పాఠాలతో బోధించాలా, లేక గుడి వద్ద స్వచ్ఛంద సేవకు తీసుకువెళ్లాలా అని కార్తికం దగ్గర పడేసరికి తోటి సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయులు ఏటా అడుగుతూనే ఉన్నారు.

తరగతి గదికి ఉన్న బలం తీరిక. ఈ ఆలయ శాసనాల పాఠాలు దక్షిణ భారత శాసనాల 4వ సంపుటంలో అచ్చయి ఉన్నాయి కనుక, అఖండ దీపానికి నెయ్యి సమకూరేలా గొర్రెలను సమర్పించిన ఒక చిన్న దాన శాసనాన్ని నల్లబల్లపై రాసి, శక సంవత్సరానికి 78 కలిపి క్రీస్తుశకాన్ని పిల్లలచేతనే లెక్క కట్టించవచ్చు. బండి ఱ ఎక్కడెక్కడ వచ్చిందో వెతికించవచ్చు. 1070లో చోళ సింహాసనమెక్కిన కులోత్తుంగుడు వేంగి చాళుక్యుడైన రాజరాజ నరేంద్రుని కుమారుడేనని వంశవృక్షం గీసి చూపితే, గోదావరి సీమలోని గుడి రాళ్లపై చోళరాజు పేరు ఎందుకుందో వారికి బోధపడుతుంది. భక్తుల రద్దీలో ఇంత వివరంగా చెప్పడం కుదరదు.

అయినా నా మొగ్గు సేవ వైపే, అందుకు ముఖ్య కారణం వెలుతురు. నడిమధ్యాహ్నం వట్టి రాయిగా కనిపించే చోటనే, సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడినప్పుడో, టార్చిలైటును పక్కనుంచి పట్టినప్పుడో, గాడుల్లో నీడ నిలిచి అక్షరాలు లేచి వస్తాయి. అది ఒక్క రాకతో తెలిసేది కాదు. సేవకని పదే పదే అదే స్తంభం దగ్గరకు వెళ్లే విద్యార్థికే తెలుస్తుంది. నల్లబల్లపై తాను చదివిన "శకవర్షంబులు" అనే మాటను రాతిమీద తానే గుర్తుపట్టిన పిల్ల, ఆ రాతికి ఎవరైనా నూనె పూయబోతే ఊరుకోదు.

అయితే తరగతి పాఠం ముందు జరిగి తీరాలి. మొదటి ఏడాది నేను ఆ పని చేయకుండానే తీసుకువెళ్లాను. ఫొటోలో స్పష్టంగా పడాలని మా పిల్లలు సుద్దముక్కతో అక్షరాలను నింపబోయారు, గుడి సిబ్బంది చూసి ఆపారు. ఆ తప్పు నాది. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం కనుక, గోడలు కడగడం, గీకడం, రంగు తుడవడం వంటివి మంచి ఉద్దేశంతోనైనా పిల్లలు చేయకూడదు. ప్లాస్టిక్ ఏరడం, వరుసలో నిలబడినవారికి మంచినీళ్లు అందించడం, అడిగిన యాత్రికులకు తాము చదివిన శాసనాన్ని వివరించడం వారికి తగిన పనులు. వాటికి కూడా దేవస్థానం అనుమతి ముందే తీసుకోవాలి.

పంచారామాలన్నిటినీ ఒక్క రోజులో చుట్టివచ్చే విహారయాత్ర పుణ్యానికి సరిపోతుంది గాని పాఠానికి సరిపోదు. వీడియోలు ఆ రోజు బడికి రానివారికి చూపితే చాలు.

ఈసారి నేను మూడు వారాలు తరగతిలో శాసనాలు చదివించి, ఆ తరువాత పన్నెండుగురు పిల్లలను, ఇద్దరికి ఒక స్తంభం చొప్పున, నాలుగు శనివారాల సాయంత్రాలు తీసుకువెళ్తున్నాను. కార్తికమాసం ముగిశాకే మొదలుపెడతాం.