అమ్మానాన్నలతో ఒక్క రోజు: బాత్‌కా, యార్క్‌కా?

వేసవిలో పిల్లల దగ్గరికి లండన్ వచ్చిన పెద్దవాళ్ళకు టవర్ బ్రిడ్జి, బకింగ్‌హామ్ ప్యాలెస్ చూపించడం అయిపోయాక "తర్వాత ఎక్కడికి?" అనే ప్రశ్న వస్తుంది. పొద్దున రైలెక్కి రాత్రికి ఇల్లు చేరగలిగే పాత ఊళ్ళలో పోటీ ఎక్కువగా బాత్, యార్క్‌ల మధ్యే. పెద్దవాళ్ళు వెంట ఉంటే నా ఓటు యార్క్‌కే. అలాగని బాత్‌ని తీసిపారేయలేం.

లండన్‌లోని ప్యాడింగ్టన్ స్టేషన్ నుంచి బాత్ సుమారు గంటన్నర. కింగ్స్ క్రాస్ నుంచి యార్క్ దాదాపు రెండు గంటలు, టికెట్ ముందుగా కొనకపోతే చేతిచమురు బాగానే వదులుతుంది. ప్రయాణం వరకూ బాత్‌దే పైచేయి.

బాత్‌లో అసలు చూడాల్సింది రోమన్ల స్నానఘట్టం. నేలలోంచి 46 డిగ్రీల వేడితో రోజుకు 11 లక్షల లీటర్లకు పైగా నీళ్ళు ఉబికి వస్తూనే ఉంటాయి. పెద్ద కొలను ఫోటోల్లో కనిపించినట్టే ఆకుపచ్చగా ఉంటుంది కానీ ఆ రంగు నాచుది. రోమన్ల రోజుల్లో పైన కప్పు ఉండేది కాబట్టి ఎండ తగిలేది కాదు. పైఅంతస్తులో దర్జాగా నిలబడ్డ విగ్రహాలు కూడా 19వ శతాబ్దం చివర్లో పెట్టినవే. ఇంతా చేసి అందులో మునగనివ్వరు.

నన్ను ఆపేసింది కొలను కాదు, లోపల మ్యూజియంలో ఉన్న సీసపు రేకులు. అలాంటివి 130 దాకా దొరికాయి. వస్తువు పోయినవాళ్ళు శాపనార్థాలు రాసి, రేకు చుట్టి, సూలిస్ మినర్వా దేవత ఊటలో పడేసేవారు. డోసిమెడిస్ అనే ఆయన చేతి తొడుగులు రెండు పోయాయట. ఎత్తుకెళ్ళినవాడి మతి పోవాలి, కళ్ళు పోవాలి అని మొక్కుకున్నాడు. మన వీధి కుళాయి దగ్గర వినిపించే తిట్లకూ దీనికీ పెద్ద తేడా ఏముంది?

తర్వాత రాయల్ క్రెసెంట్. 1767 - 1774 మధ్య కట్టిన 30 ఇళ్ళు, తేనెరంగు రాయితో ఒకే వంపులో నిలబడి ఉంటాయి. అందమే, కాదనను. కానీ అక్కడికి ఎత్తెక్కాలి. బాత్‌లో ఎత్తుపల్లాలు ఎక్కువ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు మధ్యాహ్నానికే ఓపిక అయిపోతుంది.

యార్క్ చదునైన ఊరు. స్టేషన్ పక్కనే నేషనల్ రైల్వే మ్యూజియం, ప్రవేశం ఉచితం. వాన పడితే ఇక్కడే సగం రోజు గడిచిపోతుంది. 1938లో గంటకు 126 మైళ్ళ వేగంతో ఆవిరి ఇంజన్ల రికార్డు కొట్టిన నీలం రంగు మల్లార్డ్ ఇక్కడే ఉంది. జపాన్ బుల్లెట్ రైలు పెట్టె కూడా ఉంది. రైల్వేలో పనిచేసి రిటైరైన నాన్నలను తీసుకెళ్తే మాత్రం బయటికి లాక్కురావడం మీ బాధ్యత.

ఊరి చుట్టూ కోటగోడ మూడు కిలోమీటర్లకు పైనే ఉంటుంది, దానిమీద నడవడానికి డబ్బులేం అడగరు. మెట్లున్నాయి, చాలాచోట్ల లోపలివైపు రెయిలింగ్ లేదు. చిన్నపిల్లలుంటే చెయ్యి వదలకండి. పెద్దవాళ్ళను అంతసేపూ మ్యూజియం గార్డెన్స్‌లో కూర్చోబెట్టొచ్చు. పాత మఠం శిథిలాల పక్కన పచ్చిక, బెంచీలు. పులిహోర డబ్బా విప్పడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

షాంబుల్స్ ఒకప్పటి కసాయివాళ్ళ వీధి. కొట్ల ముందు మాంసం వేలాడదీసిన కొక్కేలు ఇంకా కనిపిస్తాయి. ఇప్పుడు అక్కడ హ్యారీ పాటర్ మంత్రదండాలు అమ్ముతున్నారు. పది నిమిషాలు చాలు, జనం ఎక్కువ.

యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చికి మాత్రం తీరిగ్గా వెళ్ళండి. తూర్పు వైపు అద్దాల కిటికీ ఇంచుమించు టెన్నిస్ కోర్టంత ఉంటుంది. సృష్టి మొదలు నుంచి ప్రళయం దాకా గాజు ముక్కల్లో కథ చెప్పారు, అదీ 1405 - 1408 మధ్య మూడేళ్ళలో.

జంటగా వెళ్ళి ఒక రాత్రి ఉండే వీలుంటే లెక్క మారుతుంది, అప్పుడు బాతే మేలు. రోమన్ కొలనులో దిగనివ్వకపోయినా, అదే ఊట నీళ్ళతో 2006లో తెరిచిన స్పా ఉంది. చీకటి పడ్డాక మేడమీది వేడినీళ్ళ కొలనులో ఉండి ఊరిని చూడొచ్చు. 16 ఏళ్ళ లోపువాళ్ళను రానివ్వరు. స్టోన్‌హెంజ్ (ఆదిమకాలపు రాతిస్తంభాల వలయం), బాత్ రెండూ ఒకే రోజు చూపించే బస్సు టూర్ల జోలికి మాత్రం వెళ్ళకండి, రోజులో సగం బస్సులోనే అయిపోతుంది.

యార్క్ వెళ్తే తిరుగు రైలు కాస్త ఆలస్యంగా బుక్ చేసుకోండి. మిన్‌స్టర్‌లో చాలా రోజులు సాయంత్రం ఈవెన్‌సాంగ్ అనే ప్రార్థన ఉంటుంది. దానికి టికెట్ అక్కర్లేదు, ఎవరైనా వెళ్ళి కూర్చుని వినొచ్చు.