ఫైటర్ చేప పిల్లలకు మైక్రోవార్మ్సా, వెనిగర్ ఈల్సా?

ఫైటర్ చేప పిల్లలు ఈదడం మొదలుపెట్టగానే కదిలే మేత కోసమే వెతుక్కుంటాయి. పొడి మేతను చాలావరకు పట్టించుకోవు. అలా కదిలే మేతగా ఇంట్లోనే పెంచుకోగల అతి సన్నని పురుగులే మైక్రోవార్మ్స్, వెనిగర్ ఈల్స్.

మైక్రోవార్మ్స్ పెంచడం తేలిక. ఉడికించి చల్లార్చిన ఓట్స్‌లో చిటికెడు ఈస్ట్, పాత కల్చర్ (పురుగులు పెరుగుతున్న మిశ్రమం) ఒక చెంచా వేసి, మూతకు సన్న రంధ్రాలు పెడితే చాలు. వారంలోపే డబ్బా గోడల మీదికి తళతళలాడుతూ పాకుతాయి. వేలితో తుడిచి ట్యాంకులో ముంచడమే. చిక్కల్లా, అవి అడుగుకు చేరిపోతాయి. తినకుండా మిగిలినవి చచ్చి నీళ్లు పాడుచేస్తాయి. కల్చర్ 3, 4 వారాలకే కంపు కొడుతుంది. మన ఎండాకాలంలో ఇంకా ముందే.

వెనిగర్ ఈల్స్‌కు సగం యాపిల్ సైడర్ వెనిగర్, సగం క్లోరిన్ లేని నీళ్లు, ఒక యాపిల్ ముక్క, కొంచెం పాత కల్చర్ చాలు. నెలల తరబడి బతుకుతాయి. కాకపోతే పురుగులు దట్టంగా పెరగడానికి నెలైనా ఆగాలి. తీయడానికీ ఓపిక కావాలి: సన్న మెడ సీసాలో కల్చర్ పోసి, మెడలో ఫిల్టర్ దూది కూరి, పైన మంచినీళ్లు పోస్తే తెల్లారేసరికి గాలి కోసం పైకి చేరతాయి. డ్రాపర్‌తో తీసి వేయాలి. రోజుల తరబడి నీటి మధ్యలో ఈదుతూ పిల్లల నోటికి అందుతాయి.

అందుకే మొదటి వారం నేను ఈల్సే వేస్తాను. పొట్ట తెల్లగా ఉబ్బిందంటే తిన్నట్టే. ఆ తర్వాత మైక్రోవార్మ్స్, కొంచెం కొంచెంగా.